సైన్యమాతయా, స్థాపకురాలా? కేథరీన్ బూత్ జీవితచరిత్రపై ఒక విమర్శ



68వ కీర్తన 11వ వచనము మనలో అనేకులకు పరిచితమైనది. ప్రభువు మాట సెలవియ్యగా దానిని చాటించిన స్త్రీలు ఒక గొప్ప సైన్యమంత యుండిరని దాని భావము. ఆ వచనము చదివినప్పుడెల్ల నాకు ఒక గ్రంథము జ్ఞాపకమునకు వచ్చును. వేదాంత పాఠశాలలో విద్యార్థిగా నున్న దినములలో దానిని మొదటిసారి చదివితిని. ఇటీవల మరల మొదటినుండి తుదివరకు చదివితిని. ఆ దినములలో కన్నీటితో పుస్తకము మూసితిని. ఈ మారు ఒక ప్రశ్నతో మూసితిని. ఆ ప్రశ్న నాకేల కలిగెనో వ్యాసాంతమున చెప్పెదను. ముందు గ్రంథమును గూర్చి విన్నవించెదను.

అది రక్షణ సైన్యము, అనగా సాల్వేషన్ ఆర్మీ అని లోకమంతట పేరొందిన ధర్మసంస్థ యొక్క ఆరంభములో నిలిచిన కేథరీన్ బూత్ అమ్మగారి జీవితచరిత్ర. ఆమె అల్లుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ గారు దానిని ఆంగ్లములో రెండు పెద్ద సంపుటములుగా వ్రాసి, ఆమె మరణించిన రెండేండ్లకు, అనగా 1892లో, ప్రకటించిరి. గ్రంథకర్త మన దేశమునకు పరాయివాడు కాడు. ఆయన 1853లో బీహారులోని ముంగేరులో జన్మించెను. ఐ.సి.యస్. ఉద్యోగము చేసి, దానిని విడిచిపెట్టి, 1882 సెప్టెంబరు 19వ తేదిన బొంబాయి రేవున దిగి రక్షణ సైన్యపు పనిని ఈ దేశములో ఆరంభించెను. ఆ దిగిన నలుగురిలో ఒకతె స్త్రీ. ఆయన మన దేశపు వస్త్రములు కట్టి, వట్టి కాళ్లతో నడచి, ఫకీరు సింగ్ అని పేరు పెట్టుకొనెను. 1888లో కేథరీన్ కుమార్తెయైన ఎమ్మాను వివాహమాడెను. తరువాత 1907 నుండి 1919 వరకు ఈ దేశములో సైన్యపు పనికి నాయకుడుగా నుండెను. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము ఏర్పడినది ఆ సంవత్సరములలోనే. నిడుబ్రోలు ఆసుపత్రి కేథరీన్ మరియొక కుమార్తెయైన ఈవంజలీన్ పేర వెలసినది. కావున ఆ ప్రాంతపు సంఘములవారికి ఈ కుటుంబము తెలియనిది కాదు.

టక్కర్ గారు తమ గ్రంథమునకు "కేథరీన్ బూత్ జీవితము" అని పేరు పెట్టి, దానితో "రక్షణ సైన్యపు తల్లి" అను మాటను చేర్చిరి. నా ప్రశ్న ఆ మాటను గూర్చినదే. గ్రంథము లోపలి సంగతులు ఒకటి చెప్పుచున్నవి; అట్టమీది మాట మరియొకటి చెప్పుచున్నది.

గ్రంథములోని మేలు

ముందుగా మేలును చెప్పుట న్యాయము. టక్కర్ గారు అత్తగారి ఉత్తరములను, ఆమె స్వయముగా చెప్పిన జ్ఞాపకములను సమృద్ధిగా చేర్చిరి. అందుచేత అనేక పుటలలో మనకు వినబడునది ఆయన స్వరము కాదు, ఆమె స్వరమే. ఇది చరిత్రకారునిలో గొప్ప గుణము.

కేథరీన్ 1829 జనవరి 17వ తేదిన ఇంగ్లాండులో డార్బీషైరు జిల్లాలోని ఆష్‌బోర్న్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు బండ్లు తయారుచేయు పనివాడు. ఒకప్పుడు ప్రసంగములు చేసినవాడే గాని తరువాత భక్తిలో చల్లారెను. పండ్రెండేండ్లు నిండకముందే ఆమె బైబిలును ఎనిమిది మారులు చదివి ముగించెను. పదునాలుగవ యేట వెన్నెముక వ్యాధిచేత నెలల తరబడి మంచమున పడియుండి, ఆ మంచమునే పాఠశాలగా చేసికొని సంఘచరిత్రను, వేదాంత గ్రంథములను చదివెను.

బాల్యములో జరిగిన ఒక సంగతి గ్రంథమంతటికి దీపమువంటిది. ఒక త్రాగుబోతును పోలీసువాడు ఠాణాకు ఈడ్చుకొనిపోవుచుండగా, వీధి జనము వెంటబడి ఎగతాళి చేయుచుండిరి. ఈ చిన్నది పరుగున పోయి అతని ప్రక్కను చేరి ఠాణా వరకు అతనితోకూడ నడచెను. లోకములో తనకు ఒక్క స్నేహితురాలైనను ఉన్నదని అతడెరుగవలెనని ఆమె కోరిక. అప్పటికి ఆమె విలియం బూత్‌ను చూచియుండలేదు. రక్షణ సైన్యమను పేరు ఎవరి నోటను పుట్టియుండలేదు. ఐనను ఆ సైన్యము చేయబోవు పని అంతయు ఆ నడకలో ఉన్నది. పడినవానికి దూరమునుండి బుద్ధి చెప్పుట గాక, అతని ప్రక్కను నడచుట! భర్తయొద్ద నేర్చుకొన్న పాఠము కాదిది. ఆమె పుట్టింటినుండి తెచ్చుకొన్న సొత్తు.

మూడు పునాది రాళ్లు

ఒక సంస్థకు స్థాపకుడెవరని తెలిసికొనగోరిన యెడల, జెండా ఎవరు పట్టిరని గాక, పునాది ఎవరు వేసిరని అడుగవలెను. టక్కర్ గారి గ్రంథమునే సాక్షిగా పిలిచి మూడు రాళ్లను చూపెదను.

మొదటి రాయి ఆ సంస్థ నిలిచిన సిద్ధాంతము. 1855 జూన్ 16వ తేదిన కేథరీన్, విలియం బూత్‌ల వివాహము జరిగెను. దానికి కొద్ది నెలలకు ముందే స్త్రీలు ప్రసంగించుటను గూర్చి వారిరువురి మధ్య ఉత్తరములు నడచెను. ప్రసంగించు స్త్రీని తాను ఆపను గాని, ఆరంభించుమని ప్రోత్సహింపను అని విలియం అభిప్రాయము. కేథరీన్ దానితో సమాధానపడలేదు. 1859లో, వారు గేట్స్‌హెడ్ పట్టణములో సంఘసేవ చేయుచుండగా, అమెరికా దేశమునుండి ఫీబీ పామర్ అను భక్తురాలు ఆ ప్రాంతమునకు వచ్చి కూటములలో బోధించెను. సండర్లాండులోని రీస్ అను బోధకుడు, స్త్రీ బోధింపరాదని ఆమెకు విరోధముగా వ్రాసెను. దానికి కేథరీన్ ఒక చిన్న పుస్తకము ప్రత్యుత్తరముగా వ్రాసెను. అప్పటికి ఆమె ముగ్గురు బిడ్డల తల్లి, నాలుగవ బిడ్డను మోయుచుండెను. ఆ బిడ్డయే 1860 జనవరిలో పుట్టిన ఎమ్మా, మన గ్రంథకర్త భార్య. ఇక్కడ గమనింపవలసినదేమనగా, పుస్తకము వ్రాసిన నాటికి కేథరీన్ తాను ఒక్క ప్రసంగమైనను చేయలేదు. తన హక్కు కొరకు కాదు, మరియొక సహోదరి కొరకు ఆమె కలము పట్టెను.

1860 మే 27వ తేది పెంతెకొస్తు ఆదివారము. గేట్స్‌హెడ్ బేతెస్ద మందిరములో వేయిమందికి పైగా కూడియుండిరి. విలియం ప్రసంగము ముగించుచుండగా కేథరీన్ తన స్థలమునుండి లేచి నడవలో ముందుకు వచ్చెను. ఏమి కీడు జరిగెనో అని ఆయన కంగారుపడెను. తాను ఒక మాట చెప్పగోరుచున్నానని ఆమె అనెను. దేవుడు పిలువగా సిగ్గుచేత ఇన్నాళ్లు అవిధేయురాలనైతినని ఒప్పుకొనెను. వినుచున్నవారిలో అనేకులు ఏడ్చిరి. ఆ రాత్రి ప్రసంగము ఆమెదేనని విలియం అక్కడికక్కడే ప్రకటించెను. ప్రోత్సహింపనన్న మనుష్యుడు ఆ దినమున బల్లమీద చోటు ఇచ్చెను. ఆయన గొప్పతనమును తగ్గించి చెప్పుట నా ఉద్దేశము కాదు. భార్య మాట సత్యమని తెలియగానే వెనుకాడక మారిన పురుషుడు ఏ కాలములోనైనను అరుదు.

పదియేండ్లు గడచెను. 1870లో వారి క్రైస్తవ మిషనుకు నియమావళి ఏర్పడగా, స్త్రీలు ఏ ఉద్యోగమునకైనను అర్హులని, సభలలో మాటలాడుటకును ఓటు వేయుటకును వారికి అధికారము కలదని అందులో వ్రాయబడెను. 1859లో వంటింటి బరువుల నడుమ వ్రాసిన చిన్న పుస్తకము 1870లో శాసనమాయెను. 1880లో సైన్యము అమెరికాకు పోయినప్పుడు రెయిల్టన్ అను ఒక్క పురుషునితో ఏడుగురు స్త్రీలు న్యూయార్కు రేవున దిగిరి. ఆ శాసనము లేనియెడల ఆ ఏడుగురు ఓడ ఎక్కియుండరు.

రెండవ రాయి స్థలము. రక్షణ సైన్యము లండను తూర్పు భాగమందలి పేదల వాడలలో పుట్టినదని అందరు ఎరుగుదురు. బూత్ కుటుంబము లండనుకు ఎందుకు వచ్చెనో చాలమందికి తెలియదు. 1865 ఆరంభములో లండనులోని రాథర్‌హైథ్‌లో కూటములు జరిపించుటకు పిలుపు వచ్చెను. ఆ పిలుపు వచ్చినది విలియముకు కాదు, కేథరీనుకు. ఆమె పోయి ప్రసంగించెను. దానిని బట్టి కుటుంబము లండనుకు తరలెను. ఆ తరువాతనే, 1865 జూలై 2వ తేదిన, విలియం వైట్‌చాపెల్‌లో ఒక పాత సమాధుల స్థలములో వేసిన గుడారములో కూటములు ప్రారంభించెను. ఆ గుడారమునే సైన్యము తన జన్మస్థానముగా ఎంచుచున్నది. ఆ గుడారమునకు దారి చూపినది ఆమె అడుగులు.

మూడవ రాయి జీవనము. పేదలలో పనిచేయువానికి పేదలు జీతమియ్యలేరు. విలియం తన పిలుపు తూర్పు లండనులోనే ఉన్నదని ఒక రాత్రి ఇంటికి వచ్చి చెప్పినప్పుడు, ఇంటి ఖర్చు లెక్క ఎరిగిన ఆమె కొంతసేపు మౌనముగా ఆలోచించెను. లోపల భయము పోరాడెను. తరువాత, ఇదివరకు దేవుని నమ్ముకొని బ్రదికితిమి, మరల నమ్ముకొందమని చెప్పెను. చెప్పి ఊరకుండలేదు. పడమటి లండనులోని ధనవంతుల నడుమ ఆమె కూటములు జరిపెను. వారి మనస్సాక్షిని మేల్కొల్పెను. ఆమె ప్రసంగముల వలన వచ్చిన సహాయము కుటుంబమును పోషించెను, పనికిని తోడ్పడెను. భర్త పేదలయొద్దకు పోగలిగినది, భార్య ధనికులయొద్దకు పోయినందుచేతనే.

సిద్ధాంతము ఆమెది. స్థలమునకు దారి ఆమెది. జీవనమునకు ఆధారము ఆమెది. ఇట్టివానిని మన భాషలో ఏమందుము? స్థాపకుడందుము. మరి స్త్రీయైనప్పుడు తల్లి అనుటేల?

చిన్న పుస్తకమును గూర్చి

1859 నాటి ఆ చిన్న పుస్తకమును వేరుగ పరిశీలింపవలెను. దానికి తరువాత మార్పులు చేసి, స్త్రీల పరిచర్యను గూర్చిన పుస్తకముగా మరల అచ్చువేసిరి. అందులో బలమున్నది, బలహీనతయు ఉన్నది.

బలమేమనగా, ఆమె లేఖనమును విడిచి లోకజ్ఞానమును ఆశ్రయింపలేదు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయములో స్త్రీ ప్రార్థించునప్పుడును ప్రవచించునప్పుడును ఎట్లుండవలెనో పౌలు చెప్పుచున్నాడు గదా. చేయనే కూడని పనికి నియమమేల చెప్పును అని అడిగెను. యోవేలు ప్రవచనమును, పెంతెకొస్తు దినమును, ఫిలిప్పు కుమార్తెలను చూపెను. 68వ కీర్తనను గూర్చి ఆమె చేసిన వాదము మన చెవికి వింతగా నుండును. ఆమె చదువుకొన్న ఆంగ్ల బైబిలులో ఆ వచనమందు స్త్రీలను మాటయే లేదు. హెబ్రీ మూలములో స్త్రీలని యున్నదని ఆమె కష్టపడి నిరూపింపవలసి వచ్చెను. మన తెలుగు బైబిలులో అది మొదటినుండి ఉన్నది! ఫీబే సంగతియు అట్లే. పౌలును పరిచారకుడన్న చోట వాడిన మాటనే ఫీబేకును వాడియుండగా, ఆంగ్ల బైబిలు ఆమెను పనికత్తెగా తగ్గించెనని కేథరీన్ వాదించెను. మన బైబిలు రోమీయులకు 16వ అధ్యాయములో ఫీబేను పరిచారకురాలు అని, ఎఫెసీయులకు 3వ అధ్యాయములో పౌలును పరిచారకుడు అని, ఒక్క మాటతోనే పిలుచుచున్నది. ఆమె వాదించి గెలుచుకొన్నది మనకు చేతికి అందియున్నది. అందినదానిని మనమేమి చేసితిమి?

బలహీనత కూడ చెప్పవలెను. 1 కొరింథీయులకు 14వ అధ్యాయములో స్త్రీలు మౌనముగా నుండవలెనన్న చోట, మాటలాడుట అనునది వ్యర్థపు వదరుటయని ఆమె గ్రీకు మాటకు అర్థము చెప్పెను. ఆ వాదము నిలువదు. అదే అధ్యాయములో ప్రవక్తలు మాటలాడుటకును అదే గ్రీకు మాట వాడబడినది. ప్రవక్తలు వదరిరని ఎవరనగలరు? ఒక్క రాయి వదులైనంత మాత్రమున గోడ పడిపోదు గాని, ఆ రాయిని గట్టిదని చెప్పుట సత్యము కాదు. ఆమెను గౌరవించుట అనగా ఆమె పుస్తకమును ముట్టకుండ పూజించుట కాదు. ఒక వేదాంత గ్రంథమువలె తూచి చదువుట. టక్కర్ గారి లోపము ఇక్కడ నాకు కనబడుచున్నది. ఆయన ఎక్కడను తూచరు, ఎల్లప్పుడును స్తుతించుదురు. అల్లుని ప్రేమ అందమైనదే. ఐనను తూచబడనివారికి స్తుతి దొరకును గాని స్థానము దొరకదు.

తల్లి అను మాట

చదువరులలో కొందరు, తల్లి అనుటకంటె గొప్ప మాట ఏది అని అడుగవచ్చును. నిజమే. మన దేశములో తల్లి మాట మహా గొప్పది. ఐతే దానిని మనమెట్లు వాడుచున్నామో చూడుడి. నాట్లు వేసినది ఆమె, కలుపు తీసినది ఆమె, కుప్ప నూర్చినది ఆమె; పట్టా మాత్రము ఆయన పేర. ఎవరైనను అడిగిన యెడల, ఆమె ఇంటికి తల్లి గదా, ఆమెకు పట్టా ఎందుకు అందుము. మన్నన చేతిలో పెట్టి హక్కు వెనుకకు తీసికొందుము.

రక్షణ సైన్యములోను ఇట్టిదే కొంత జరిగెను. విలియం బూత్ జనరల్, స్థాపకుడు. కేథరీన్ సైన్యమాత. విలియం తన ప్రసిద్ధ గ్రంథమైన "ఇన్ డార్కెస్ట్ ఇంగ్లాండ్ అండ్ ది వే అవుట్" అనుదానిని 1890లో ప్రకటించెను. నిరుపేదలకు పని, తిండి, వసతి చూపించు యోజన అందులో ఉన్నది. కేథరీన్ రొమ్ము క్యాన్సరుతో బాధపడి 1890 అక్టోబరు 4వ తేదిన మరణించెను. ఆ మాసములోనే పుస్తకము వెలువడెను. దానిని ఆయన ఆమె జ్ఞాపకార్థము అంకితమిచ్చి, ఆమె తనకు సహచరి, ఆలోచన చెప్పినది, తోటి యోధురాలు అను భావముతో వ్రాసెను. అవి భర్త హృదయములోనుండి వచ్చిన మాటలు, వానిని చదివి ఎవరు చలింపరు? ఐనను ఆ మాటలన్నియు ఆయన పనిలో ఆమె పాలివంతురాలని చెప్పుచున్నవి. ఆమె పనిలో ఆయన పాలివంతుడని చెప్పు మాట ఒక్కటియు లేదు. 1865 సంగతి తెలిసినవారు ఆ మాటయు చెప్పవలసియుండెను.

తల్లి అను మాటవలన మరియొక నష్టము. తల్లి ప్రేమించునని అందరొప్పుకొందురు. తల్లి ఆలోచించునని మరచిపోవుదురు. కేథరీన్ ప్రేమించుట మాత్రమే గాక ఆలోచించెను, వాదించెను, నిర్ణయించెను. గేట్స్‌హెడ్‌లో త్రాగుబోతుల ఇండ్లకు తానే పోయి, వారిచేత మద్యము మానుదుమని ప్రమాణము చేయించెను. 1885లో బాలికలను పాపపు వర్తకమునకు అమ్ము దురాచారమును గూర్చి ఇంగ్లాండంతట అలజడి పుట్టగా, ఆమె వేదికలెక్కి మాటలాడెను, విక్టోరియా రాణికి వ్రాసెను. సైన్యమువారు లక్షల కొలది సంతకములు కూర్చి పార్లమెంటుకు పంపిరి. ఆ సంవత్సరమే చట్టము మారి, బాలికలకు రక్షణ వయస్సు పదుమూడు నుండి పదునారేండ్లకు పెంచబడెను. ఇది లాలించు తల్లి పని మాత్రమే కాదు. ఇది నాయకురాలి పని.

ఆమె వెనుక నడచిన స్త్రీలును పూలబాటమీద నడువలేదు. 1882వ సంవత్సరములో ఒక్క ఇంగ్లాండు దేశములోనే సైన్యమువారిలో 669 మంది దెబ్బలు తినిరి. వారిలో 251 మంది స్త్రీలు. స్థాపనలో పాలు లేనివారు దెబ్బలలో పాలు పంచుకొనుట ఎట్లు?

రెండు ఆక్షేపణలు

ఆమె స్వయముగా స్థాపకురాలని పిలువబడగోరలేదు గదా, మీరేల తగవు పెట్టుచున్నారు అని కొందరందురు. నిజమే, ఆమె కోరలేదు. తగ్గింపు ఆమె ధర్మము. సత్యము చెప్పుట మన ధర్మము. ఒకరి తగ్గింపును సాకుగా చేసికొని వారికి రావలసినది బిగబట్టుట భక్తి కాదు, లోభము.

ఇంత మెచ్చుకొనుచున్న మీరు ఆ సంస్థ మార్గమంతటిని మెచ్చుకొనుచున్నారా అని మరికొందరు అడుగవచ్చును. లేదు. రెండు సంగతులలో నేను వెంబడింపలేను. సైన్యము 1883లో బాప్తిస్మమును, ప్రభువు బల్లను ఆచరించుట మానివేసెను. ఆ తీర్మానమునకు కేథరీన్ ఆలోచన కూడ కారణమైనది. బాహ్యాచారమును నమ్ముకొని మనుష్యులు హృదయశుద్ధిని మరచుదురని ఆమె భయపడెను. భయము న్యాయమైనదే, మన సంఘములలో బల్లయొద్దకు అలవాటుగా వచ్చువారిని చూచినప్పుడు నాకును అది కలుగును. ఐనను గింజలో పురుగున్నదని పంటను విడిచిపెట్టము. ప్రభువు చేయుడనినదానిని మానుటకు మనకు సెలవు లేదు.

రెండవది మన ప్రాంతపు సంగతి. ప్రభుత్వము కొన్ని కులములవారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన చట్టము క్రింద, ఎరుకల కుటుంబములను స్టూవర్టుపురములో నివసింపజేసి, దాని నిర్వాహమును సైన్యమునకు అప్పగించెను. సైన్యమువారు వారికి భూమిని, బడిని, పనిని చూపిరి, అది మేలు. కాని సేవతోపాటు కాపలాయు చేయవలసి వచ్చెను. ఆ చట్టము 1952లో రద్దాయెను. ఆ ముద్ర గాయము అంత త్వరగా మానలేదు. ఠాణాకు పోవుచున్న త్రాగుబోతు ప్రక్కను నడచిన ఆ చిన్నదానిని తలంచుకొనుడి. ఆమె పోలీసువాని ప్రక్కను నడువలేదు. తన పునాది ఎవరు వేసిరో సంస్థ మరచినప్పుడు, ఏ ప్రక్కను నడువవలెనో కూడ మరచును. స్థాపకురాలి పేరు నిలుపుకొనుట ఆమెకు మేలు చేయుట కొరకు కాదు; మనము దారి తప్పకుండుట కొరకు.

ఈ ప్రశ్న నాకేల కలిగెను

ఇక మొదట చెప్పెదనన్నది చెప్పెదను. ఇది నా తప్పు ఒప్పుకోలు.

కొన్నేండ్ల క్రిందట నేను సేవచేయుచున్న ఒక పల్లె సంఘమునకు జూబిలీ వచ్చెను. మందిరపు గోడకు శిలాఫలకము పెట్టవలెనని పెద్దలు తీర్మానించిరి. పేర్ల జాబితా వ్రాసినవాడను నేను. దొరగారి పేరు, మొదటి పాస్టరుగారి పేరు, పెద్దల పేర్లు, చందాలిచ్చినవారి పేర్లు, చివరకు మేస్త్రి పేరుకూడ వ్రాసితిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలి అవ్వ ఆ ఫలకము ముందు కూర్చుండి మనుమనిచేత చదివించుకొనెను. అంతయు విని, "అమ్మ పేరు ఏదయ్యా?" అని నన్నడిగెను.

ఏ అమ్మ అని అడిగితిని. దొరగారు రాకముందు, పాస్టరుగారు రాకముందు, ఒక బైబిలు స్త్రీ వారమునకు రెండు మారులు కాలినడకన ఆ పల్లెకు వచ్చి, చింతచెట్టు క్రింద స్త్రీలకు ప్రభువు ప్రార్థనయు అక్షరములును నేర్పెనట. పిడికెడు బియ్యము తీసిపెట్టుట నేర్పినది ఆమెయే. ఆ బియ్యపు డబ్బుతోనే మొదటి పాక లేచెను. ఆమె పేరేమని అడిగితిని. అవ్వ చాలసేపు ఆలోచించెను. "మేమందరము అమ్మ అనియే పిలిచెడివారము అయ్యగారూ, పేరు తెలియదు" అనెను. మినిట్సు పుస్తకములు వెదకితిని. అందును "బైబిలు స్త్రీకి జీతము" అని మాత్రమే యున్నది. ప్రతి నెల జీతము లెక్క ఉన్నది, పేరు లేదు. అమ్మ అని పిలిచి పిలిచి, ఆమె పేరును మేమే పోగొట్టితిమి.

ఆ తరువాతనే టక్కర్ గారి గ్రంథమును మరల తీసితిని. అట్టమీద "తల్లి" అను మాట చూడగానే ఆ అవ్వ ప్రశ్న నా చెవిలో మ్రోగెను. కేథరీన్ అదృష్టవంతురాలు. ఆమె పేరు నిలిచెను, 36,000 మంది ఆమె జ్ఞాపకార్థ కూటమునకు వచ్చిరి, ఆమె కుమార్తె ఈవంజలీన్ 1934లో ఆ సైన్యమునకు మొదటి స్త్రీ జనరలుగా ఎన్నిక చేయబడెను. మన పల్లెల అమ్మలకు రెండు సంపుటముల గ్రంథము ఎవరు వ్రాయుదురు?

రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయమును ఈ వెలుగులో చదువుడి. పౌలు ఎంత జాగ్రత్తగా పేర్లు వ్రాసెను! ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు. పేరుతోపాటు వారిలో అనేకుల ప్రయాసను కూడ వ్రాసెను. ఐతే 13వ వచనములో రూఫు తల్లి కలదు. ఆమె తనకును తల్లియే అని పౌలు చెప్పెను, పేరు వ్రాయలేదు. పేర్లు వ్రాసినవారు ఈ దినము మనకు పేరుపేరున తెలియుచున్నారు. తల్లి అనబడిన ఆమె మాత్రము పేరు లేక నిలిచియున్నది. ఆమె పేరు దేవుడెరుగును, సంఘము ఎరుగదు.

మనకు ఇంకను సమయమున్నది. దక్షిణ ఇండియా సంఘము 1976లో మొదటిసారి స్త్రీని గురువుగా అభిషేకించెను. 2013లో మన నంద్యాల అధ్యక్ష మండలములో ఒక సహోదరి బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఇవి సంతోషింపదగిన సంగతులు. ఐనను అధ్యక్షపీఠమునుండి పల్లె మందిరము వరకు దారి పొడవైనది. నేను కోరునది చిన్న పని. ఈ మాసములో ప్రతి సంఘమందు పెద్దలు ముసలివారియొద్ద కూర్చుండి, మొదట వాక్యము తెచ్చిన స్త్రీ ఎవరు, బడి చెప్పినది ఎవరు, రోగులను కనిపెట్టినది ఎవరు, పిడికెడు బియ్యము కూర్చినది ఎవరు అని అడిగి, పేరుతోకూడ పుస్తకములో వ్రాయుడి. పాస్టరమ్మ అని వ్రాయక ఆమె పేరు వ్రాయుడి. అడుగుటకు జ్ఞాపకమున్నవారు బ్రదికియుండగానే అడుగుడి.

మా మందిరములో ఆ ఫలకము క్రింద ఇప్పుడొక చిన్న రాయి ఉన్నది. పేరు దొరకలేదు గనుక, ఈ పల్లెకు మొదట వాక్యము తెచ్చిన స్త్రీ అని చెక్కించితిమి. ఆ రాయిని చూచినప్పుడెల్ల నేను సిగ్గుపడుదును. ఆ సిగ్గు మీకు రాకుండును గాక. ఆమేన్.